ఆరంగ్ రంపం, ఐదు స్వరాలు

రాయ్‌పూర్‌లో విశాఖపట్నం ప్యాసింజర్ ఎక్కండి. మందిర్ హసౌద్ దాటాలి, లఖోలీ దాటాలి. ఆ తర్వాత ఒక చిన్న స్టేషన్. బోర్డు మీద ‘ఆరంగ్ మహానది’ అని ఉంటుంది.

మన తెలుగువాళ్లు ఎందరో ఈ దారిలో తిరుగుతుంటారు. భిలాయ్‌లో ఉద్యోగం, రాయ్‌పూర్‌లో వ్యాపారం, పండక్కి మాత్రం విజయనగరమో విశాఖో. ఆరంగ్ వచ్చేసరికి పులిహోర పొట్లం విప్పుతూనో, ఫోన్ చూసుకుంటూనో ఉంటారు. ఈసారి తలెత్తి ఆ బోర్డు చదవండి. మీరు ఏడాదిగా వాయిదా వేస్తున్న పనికి మందు ఆ పేరులోనే ఉంది.

‘ఆరా’ అంటే అక్కడివాళ్ల మాటలో రంపం.

ఊళ్లో చెప్పుకునే కథ ఇది. మోరధ్వజుడు, అంటే మన మయూరధ్వజుడు, అక్కడి రాజు. అడిగినవాడికి లేదనడు. కృష్ణార్జునులు మారువేషాల్లో వచ్చి, కొడుకు తామ్రధ్వజుణ్ని రంపంతో కోసి ఇమ్మన్నారు. రాజు మాట తప్పలేదు. ఆ రంపం పేరే ఊరికి నిలిచిందంటారు.

జైమిని భారతంలో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ కోయించుకునేది రాజే. తన దేహంలో సగం ఇవ్వాలి. రంపం దిగుతుంటే ఆయన ఎడమకంట నీరు వచ్చింది. ఏడుస్తూ ఇచ్చే దానం నాకొద్దని బ్రాహ్మణ వేషంలో ఉన్న కృష్ణుడు లేవబోయాడు. రాజు ఏమన్నాడో తెలుసా? కుడి సగం ఒకరికి పనికొచ్చింది, తాను ఎవరికీ అక్కర్లేకపోయానని ఎడమ సగం ఏడుస్తోంది అన్నాడు.

ఆ కన్నీటి చుక్కను గుర్తు పెట్టుకోండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మోహనం ఏం వదిలింది?

మీకు సంగీతం రాకపోయినా పర్వాలేదు. ‘మాయాబజార్’ చూశారు కదా? 1957లో వచ్చింది. పడవలో ఘంటసాల, పి.లీల గొంతులు కలిసి సాగే ‘లాహిరి లాహిరి’ విన్నారు కదా? అయితే మోహన రాగం మీకు తెలిసినట్టే.

మోహనంలో ఉన్నవి ఐదే స్వరాలు. స, రి, గ, ప, ద. పైకి వెళ్లినా అవే, కిందికి దిగినా అవే. ఇలాంటి రాగాన్ని ఔడవం అంటారు. ఏడు స్వరాలూ ఉంటే సంపూర్ణం, ఆరు ఉంటే షాడవం.

28వ మేళకర్త హరికాంభోజి నుంచి మోహనం పుట్టింది. హరికాంభోజిలో ఏడు స్వరాలూ ఉన్నాయి. అందులోంచి ‘మ’ తీసేశారు, ‘ని’ తీసేశారు. మన సంగీతంలో దీనికి చక్కటి మాట ఉంది: వర్జ్యం. మ, ని ఈ రాగానికి వర్జ్య స్వరాలు.

ఇక్కడ ఆగండి. జాగ్రత్తగా ఆలోచించండి. ‘మ’ చెడ్డ స్వరమా? ‘ని’ అపస్వరమా? కానే కాదు. హరికాంభోజిలో అవి ఎంత అందంగా ఉంటాయో వినండి. మోహనం వదిలింది రెండు మంచి స్వరాలను!

మీరు ఇన్నాళ్లూ చేస్తున్న పొరపాటు ఇక్కడే ఉంది. “చెడు అలవాట్లు మానేస్తాను” అని ప్రతి జనవరి ఒకటిన రాసుకుంటారు. బాగుంది. కానీ మీ టైమ్ తినేస్తున్నవి అన్నీ చెడు అలవాట్లా? ఒకసారి లెక్క తీయండి. సాయంత్రం కోచింగ్. కాలనీ కమిటీ. సగం చదివిన నాలుగు ఆన్‌లైన్ కోర్సులు. స్నేహితుడి బిజినెస్‌కు ఉచిత సలహా. యోగా, స్పోకెన్ ఇంగ్లిష్, షేర్ మార్కెట్. అన్నీ మంచివే. అందుకే ఏదీ తెగదు.

రంపం పెట్టాల్సింది మంచివాటికే. అప్పుడే ఎడమకంట నీరు వస్తుంది. రాకపోతే మీరు నిజంగా ఏమీ వదల్లేదని అర్థం.

తీసేసిన చోట ఏమవుతుంది?

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. కాస్త ఓపిగ్గా వినండి.

‘మ’ పోయాక ‘గ’కి, ‘ప’కి మధ్య ఖాళీ ఏర్పడింది. ‘ని’ పోయాక ‘ద’కి, పై ‘స’కి మధ్య ఇంకో ఖాళీ. ఈ ఖాళీల వల్ల రాగం బలహీనపడిందా? పడలేదు. గాయకుడు ‘గ’ మీద నిలబడతాడు. దాన్ని ఊపుతాడు, ఒలికిస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. పక్క స్వరం తొందర పెట్టదు. మోహనం వినగానే మనసు విచ్చుకుంటుందని అంటారే, ఆ విశాలత ఈ ఖాళీల్లోంచే వస్తుందని నా నమ్మకం.

మీ కేలెండర్‌లో అలాంటి ఖాళీ ఎక్కడుంది? సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏమీ లేని ఒక్క రోజు చూపించండి. చూపించలేకపోతే కంగారు పడకండి. ఈ వారంలోనే తెచ్చుకుందాం. మీరు చేయగలరు.

ముందుగా ఒక కాగితం తీసుకోండి. ఫోన్ వద్దు, కాగితమే. మీరు ఇప్పుడు మోస్తున్న ఏడు పనులు రాయండి. సరిగ్గా ఏడు. తర్వాత ఈ వరుసలో వెళ్లండి.

1. మీ షడ్జం, అంటే మీ ‘స’, ఏదో గుర్తించండి. ఏ రాగమైనా ‘స’ను వదలదు. హిందోళం ‘ప’ను కూడా వదిలేసింది, ‘స’ను మాత్రం వదల్లేదు. మీ రోజుకు ఆధారశ్రుతి ఏది? నిద్ర లేచే సమయమా? పిల్లలతో గడిపే గంటా? దాని చుట్టూ సున్నా చుట్టండి. దాన్ని ఎవరూ కదపకూడదు. మీరు కూడా.

2. రెండు వర్జ్య స్వరాలు ఎంచుకోండి. మూడు వద్దు, ఒకటి చాలదు. రెండు. రెండూ మంచివే అయి ఉండాలి.

3. మండలం పెట్టుకోండి. 41 రోజులు. మన అమ్మమ్మలు దీక్షలకు పెట్టుకున్న లెక్క ఇది.

4. చెప్పాల్సినవాళ్లకు ఈ రోజే చెప్పండి. “అన్నయ్యా, కమిటీ మీటింగ్‌కి ఈ 41 రోజులూ రాలేను” అంటే చాలు. కారణాల చిట్టా విప్పకండి. విప్పితే బేరం మొదలవుతుంది.

అప్పుడప్పుడు అనే మాట

నా క్లాసుల్లో ఈ లిస్టు రాశాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. “సార్, పూర్తిగా మానేయాలా? ఆదివారం ఒక్కరోజు?”

దీనికి జవాబు సంగీతమే చెప్పింది. రాగాల్లో ఉపాంగం, భాషాంగం అని రెండు రకాలు. భాషాంగ రాగంలో తల్లి రాగానికి చెందని అన్యస్వరం కూడా ఒకచోట అందంగా వచ్చి పోతుంది. కాంభోజి అలాంటిది. దాన్ని పాడాలంటే చాలా ఏళ్ల సాధన కావాలి. ఆ స్వరం ఎక్కడ రావాలో, ఎంతసేపు ఉండాలో గొంతుకు తెలియాలి. మోహనం ఉపాంగ రాగం. బయటి స్వరానికి అందులో చోటు లేదు. మోహనం పాడుతూ ఒక్కసారి ‘మ’ తగిలించి చూడండి. సంగీతం రానివాళ్లు కూడా మొహం అదోలా పెడతారు.

మీరు ఇప్పుడు ఉపాంగంలో ఉన్నారు. 41 రోజులు గట్టిగా ఉండండి. మినహాయింపులు తర్వాత నేర్చుకోవచ్చు. మొదటి వారంలోనే మినహాయింపు అడిగే మనసుకు ఎదురు చెప్పండి. గట్టిగా చెప్పండి. అది వింటుంది.

ఇంకో మాట. సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యాక గీతాల్లోకి వస్తారు. అప్పుడే మోహనంలోని ‘వరవీణా’ చెబుతారు. తర్వాత వర్ణాల్లో ఇదే రాగంలో ‘నిన్నుకోరి’ వస్తుంది. అదే వర్ణాన్ని మొదటి కాలంలో నెమ్మదిగా, తర్వాత రెట్టింపు వేగంతో సాధన చేయిస్తారు. నెమ్మదిగా పాడినప్పుడు దొర్లిన తప్పు వేగంలో దాక్కుంటుంది, పోదు. మీ మొదటి పది రోజులూ మొదటి కాలం అనుకోండి. ఆరాటం వద్దు. మిగిలిన ఐదు పనులే చేయండి, నెమ్మదిగా చేయండి.

రైలు ముందుకెళ్తే

ఆరంగ్ నుంచి రైలు మహానది దాటుతుంది. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ. ఆ తర్వాత పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. 1931లో పార్వతీపురం, రాయ్‌పూర్‌ల మధ్య లైను పూర్తయ్యాక ఈ ఊళ్లన్నీ ఒకే దారం మీదికి వచ్చాయి. ఈ దారిలో రెండుచోట్ల మీ మనసును దించుతాను.

మొదటిది బొబ్బిలి. అక్కడి వీణ ఒకే పనస దుంగలోంచి పుడుతుంది. కుండ వేరుగా, దండి వేరుగా చేసి అతికించరు. దుంగను తొలుస్తారు. అక్కర్లేని చెక్క అంతా పోయాక వీణ మిగులుతుంది. దాని మీద 24 మెట్లు ఉంటాయి. సారణి తంతి మీద మోహనం వాయించండి. 24 మెట్లలో పదింటి మీదే వేలు ఆగుతుంది. పద్నాలుగింటిని దాటి పోతుంది. ఆ పద్నాలుగు మెట్లనూ ఎవరూ పీకేయలేదు. అవి అక్కడే ఉన్నాయి, రేపు వేరే రాగానికి పనికొస్తాయి. మీరు వదిలిన రెండు పనులు కూడా అంతే. వాటి తలుపు మూశారు, తాళం పారేయలేదు. ఇది తెలిస్తే వదలడం తేలికవుతుంది.

రెండోది విజయనగరం. 1919లో అక్కడ సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. అదే ఏడు 26 ఏళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడయ్యారు.

కొన్నేళ్ల తర్వాత ఆ ఊరికి ఒక కుర్రాడు వచ్చాడు. తండ్రి లేడు. సంగీతం నేర్చుకోవాలన్నది తండ్రి చివరి కోరిక. వేలి ఉంగరం అమ్మి రైలెక్కాడు. వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. మీరైతే ఏం చేసేవారు? తిరుగు టికెట్ కొనుక్కునేవారా? అతను కొనలేదు. అక్కడే ఉన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి సంగీతం చెప్పారు. తిండికి జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

అతను వదిలినవి చూడండి. ఉంగరం. ఇంటి భోజనం. “నలుగురూ ఏమనుకుంటారో” అనే సిగ్గు. ఈ మూడోదాన్ని వదలడం మొదటి రెండింటికన్నా కష్టం. పట్టుకున్నది మాత్రం ఒక్కటే, సాధన. పడవ పాటలో మనం వినే ఆ నిండు గొంతు వెనక ఆ జోలె ఉంది. ఈసారి విన్నప్పుడు దాన్ని కూడా తలచుకోండి. నాకైతే కళ్లు చెమరుస్తాయి.

కొందరు ఐదు దగ్గర కూడా ఆగలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో లవంగి, మహతి రాగాలను సృష్టించారు. మూడు స్వరాల దాకా వెళ్లారు. ఇలా రాగాలు చేయవచ్చా అని అభ్యంతరాలు వచ్చాయి. ఆయన పాడి వినిపించారు. అయితే ఒకటి గమనించండి. అంతకుముందే ఆయన 72 మేళకర్తల్లోనూ కృతులు రాసి ఉన్నారు. అన్నీ చూసినవాడికే ఏది తీసేయాలో తెలుస్తుంది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలకు నేను ‘రెండు వదలండి’ అని చెప్పను. వాళ్లు ఇంకా ఏడూ రుచి చూడాలి. ఈ వ్యాసం ముప్పై దాటిన మీ కోసం.

ఐదూ అవే, మనిషి వేరు

“నా దగ్గర ఉన్నవి ఇవే సార్. ఇంతకన్నా టాలెంట్ లేదు.” ఈ మాట ఇకపై అనకండి. ఎందుకో చెబుతాను.

ఛత్తీస్‌గఢ్‌లోనే ఖైరాగఢ్‌లో ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. 1956లో అక్కడి రాజదంపతులు తమ కూతురి పేరున రాజభవనాన్నే ఇచ్చేశారు. హిందుస్తానీ సంగీతం నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లోనే భూప్ రాగం చెబుతారు. దాన్నే భూపాలీ అంటారు. స్వరాలు అచ్చంగా మన మోహనానివే. మన మేలుకొలుపుల భూపాలం వేరు, పేరు చూసి పొరపడకండి.

హిందుస్తానీలో దేశ్‌కార్ అని ఇంకో రాగం ఉంది. దానికీ అవే ఐదు స్వరాలు. మరి తేడా ఏమిటి? భూపాలీలో ‘గ’ ముఖ్య స్వరం, అంటే వాది స్వరం. దేశ్‌కార్‌లో ‘ద’ ముఖ్యం. ఒకటి రాత్రి తొలి జామున పాడతారు, రెండోది పొద్దున. ముడిసరుకు ఒకటే. బరువు ఎక్కడ వేస్తారన్నదే తేడా.

మీ విషయానికి వద్దాం. మీ దగ్గర లెక్కలు ఉన్నాయి, మాట ఉంది, ఓపిక ఉంది, నలుగురితో పరిచయం ఉంది, హిందీ, తెలుగు రెండూ వచ్చు. పదేళ్లుగా లెక్కల మీద బరువు వేసి అకౌంటెంట్‌గా ఉన్నారు. అదే బరువును మాట మీదికి, రెండు భాషల మీదికి మార్చండి. అవే ఐదుతో ఇంకో మనిషి తయారవుతాడు. కొత్త డిగ్రీ అక్కర్లేదు. ప్రతి రోజూ మొదటి గంట దేనికి ఇస్తారో మార్చండి, చాలు. వాది స్వరం అంటే మీ మొదటి గంటే.

ఆరంగ్‌లో దిగే వీలుంటే ఒక పూట దిగండి. భాండ్ దేవల్ అనే జైన ఆలయం చూడండి. నక్షత్రం ఆకారపు పునాది మీద లేచిన రాతి గుడి, 11వ శతాబ్దం నాటిది. గర్భగుడిలో ముగ్గురు తీర్థంకరుల నిలువెత్తు విగ్రహాలు ఉంటాయి. అపరిగ్రహం, అంటే అవసరానికి మించి పట్టుకోకపోవడం, వాళ్ల వ్రతాల్లో ఒకటి. మీ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. రెండో వర్జ్య స్వరం ఇంకా తేల్చుకోలేకపోతే ఆ మెట్ల మీద కూర్చుని తేల్చండి.

పది నిమిషాల ఎక్సర్‌సైజ్

ఇంట్లో హార్మోనియమో, పిల్లల కీబోర్డో ఉందా? లేకపోతే ఫోన్‌లో పియానో యాప్ వేసుకోండి. కాగితం రాసిన రోజే ఇది చేయండి.

నల్ల మెట్లు మాత్రమే ముట్టుకోండి. అవి రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టును ‘స’ అనుకోండి. అది నాలుగున్నర శ్రుతి. అక్కడి నుంచి నల్ల మెట్ల మీదే పైకి వెళ్లండి, కిందికి రండి. మీరు ఇప్పుడు వాయించింది మోహనం. తెల్ల మెట్టు తాకనంతవరకు బయటి స్వరం పలికే అవకాశమే లేదు. కొన్ని వదిలేశాక ధైర్యం ఎలా వస్తుందో వేళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మెట్లు మార్చకండి. మీరు నిలబడే చోటు మార్చండి.

పక్క నల్ల మెట్టును ‘స’ అనుకుని మళ్లీ పైకి వెళ్లండి. మధ్యమావతి వచ్చింది. కచేరీ చివర పాడే రాగం ఇది. అప్పటిదాకా దొర్లిన తప్పులన్నీ దీంతో సర్దుకుంటాయని పెద్దల నమ్మకం. రాత్రి పడుకునే ముందు ఆ రోజు మీద కోపం ఉంటే ఇది వాయించండి.

మూడో నల్ల మెట్టు నుంచి వెళ్తే హిందోళం. త్యాగరాజస్వామి ‘సామజవరగమన’ రాగం.

రెండింటి గుంపులో మొదటి మెట్టు నుంచి వెళ్తే శుద్ధసావేరి. చివరి మెట్టు నుంచి వెళ్తే శుద్ధధన్యాసి.

దీన్ని గ్రహభేదం అంటారు. ఐదు మెట్లు, ఐదు రాగాలు. ప్రతిదానికీ తన రూపం, తన మూడ్. ఒక్క మెట్టు కూడా కొత్తగా చేర్చలేదు.

ఐదింటినీ రోజుకు ఒకటి చొప్పున వాయించండి. ఏది మీ చేతికి హాయిగా ఉందో కాగితం వెనక రాసుకోండి. ఆరో రోజు మళ్లీ మోహనానికి రండి. ‘గ’ మీద ఆగండి. తొందరపడి ‘ప’కి వెళ్లకండి. నాలుగు అక్షరాలు లెక్కపెట్టండి.

ఇప్పుడు వెళ్లండి.